మాస్టారి జవాబులు: నలభై కోట్ల ఆవు, లార్డ్స్ పిచ్చుక, మోటుపల్లి గొర్రెలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒక్క ఆవు గురించే. మిగతా సగంలో పిచ్చుక, ఈమూ, ఆక్టోపస్, గొర్రె ఉన్నాయి. పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాల గురించి రాసినవాళ్ళు ఏమీ అనుకోవద్దు. ఒంగోలులో కాలక్షేపం చేస్తున్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారిని నేను. ఆటలు, పశువులు, పాత సంగతులు అడిగితే మాత్రం వదలను.

బ్రెజిల్‌లో ఒక ఆవు నలభై కోట్లు పలికిందని, అది నెల్లూరు ఆవేనని వార్త వచ్చింది. మా బావమరిదిది ఒంగోలు. కాదు, అది ఒంగోలు ఆవేనని భోజనాల దగ్గర పెద్ద గొడవ పెట్టాడు. ఎవరిది ఒప్పు మాస్టారూ? — ఒక పాఠకుడు, మూలాపేట, నెల్లూరు

ఇద్దరిదీ ఒప్పే. మీ బావమరిదిది ఇంకాస్త ఎక్కువ ఒప్పు. నేను ఒంగోలువాణ్ణి కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకుంటారని తెలుసు, అయినా చెప్తాను.

జాతి మాత్రం మన ఒంగోలు జాతే. 1868లో బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో ఒక ఓడ ఆగిందనీ, అందులో ఉన్న మన పశువుల జంటను అక్కడే అమ్మేశారనీ వాళ్ళ చరిత్రలో రాసుకున్నారు. అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక గానీ అటు పోలేదు. మన ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కాబట్టి వాళ్ళు 'నెలోర్' అని పిలవడంలో తప్పేమీ లేదు, అప్పటి జిల్లా పేరు అదే. 1960ల మొదట్లో మళ్ళీ మంచి కోడెలను ఎంచి తీసుకుపోయారు. వాటిలో ఒకదాని పేరు కరవది. ఒంగోలు పక్కనున్న మా కరవదే! ఇంకో రెండింటి పేర్లు గోదావరి, తాజ్‌మహల్. బ్రెజిల్ పశువుల పుస్తకాల్లో ఈ పేర్లు వంశకర్తల పేర్లుగా ఇప్పటికీ కనిపిస్తాయి.

ధర సంగతికొస్తే పేపర్లవాళ్ళు అసలు మాట మింగేశారు. ఆ ఆవు పేరు వియాటినా-19. 2023 వేలంలో ఆవును మొత్తంగా అమ్మలేదు, అందులో మూడో వంతు వాటాను అమ్మారు. ఆ వాటా 69.9 లక్షల బ్రెజిల్ రియాళ్ళు పలికింది. దాన్ని మూడుతో హెచ్చవేసి, మన రూపాయల్లోకి మార్చి, కాస్త పైకి సవరిస్తే నలభై కోట్లు. ఆవు బరువు 1,101 కిలోలు. అంత డబ్బు పోసేది పాల కోసమూ కాదు, మాంసం కోసమూ కాదు. దాని అండాలను తీసి, వేరే ఆవుల గర్భంలో పిండాలుగా పెంచి, దూడలను అమ్ముకుంటారు. అమెరికాలోని ఒక పోటీలో దానికి 'మిస్ సౌత్ అమెరికా' బిరుదు కూడా ఇచ్చారు.

ఎండకు తట్టుకునే నల్లటి చర్మం, దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి వెంట్రుక, వదులుగా వేలాడే గంగడోలు, ఎండుగడ్డి తిని కూడా నిలబడే జీర్ణశక్తి, పిడుదులకు లొంగని ఒళ్ళు. బ్రెజిల్‌వాళ్ళకు కావలసింది ఇదే. ఇరవై కోట్లకు పైబడిన వాళ్ళ పశుసంపదలో ఎక్కువ భాగం ఈ రక్తమే. ఇక్కడేమో ట్రాక్టరు రాగానే కొట్టం ఖాళీ చేసి షెడ్డు వేసుకున్నాం. చదలవాడ, రామతీర్థం ప్రభుత్వ క్షేత్రాలు, పందేల మీద మోజున్న కొందరు రైతులు లేకపోతే మన పిల్లలకు ఒంగోలు గిత్తను ఫొటోలో చూపించాల్సి వచ్చేది. 2002 జాతీయ క్రీడలు హైదరాబాదులో జరిగినప్పుడు 'వీర' అని ఒంగోలు గిత్త బొమ్మనే గుర్తుగా పెట్టారు. బొమ్మ పెట్టినంత తేలిక కాదు మేపడం.

మీ బావమరిదికి మాత్రం ఈ పేజీ చూపించకండి. ఇంకా రెచ్చిపోతాడు.

బండ లాగే ఎడ్ల పందేల్లో 'రెండు పళ్ళ విభాగం', 'ఆరు పళ్ళ విభాగం' అని మైకులో చెప్తుంటారు. పళ్ళకీ బండకీ ఏం సంబంధం సార్? — ఒక విద్యార్థి, అద్దంకి

మంచి ప్రశ్న అడిగావు అబ్బాయ్! ఇదివరకు మా వైపు తిరునాళ్ళలో విజిల్ పట్టుకుని, టేపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి కాబట్టి ఇది నా సొంత సబ్జెక్టు.

పశువుకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. పై దవడకు ముందువైపు పన్నే ఉండదు, గట్టి చిగురు మాత్రమే. నమ్మకపోతే మీ ఇంటి గేదెను అడుగు, కానీ వేలు లోపలికి పెట్టకు, వెనక దంతాలు రెండు దవడలకూ ఉంటాయి. ఈ ఎనిమిదీ మొదట పాలపళ్ళు. సుమారు రెండేళ్ళ వయసులో నడిమి జత ఊడి పెద్ద పళ్ళు వస్తాయి, అప్పుడది రెండు పళ్ళ గిత్త. ఆ తర్వాత ఒక్కో జతా మారుతూ నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అవుతుంది. నాలుగేళ్ళు దాటాక నోరంతా నిండుతుంది. అందుకని పందెం రోజు పొద్దున కమిటీవాళ్ళు కింది పెదవి లాగి చూసి విభాగం తేలుస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు. ఇచ్చిన నిమిషాల్లో జత అటూ ఇటూ తిరుగుతూ మొత్తం ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. అందుకే ఫలితం అడుగుల్లో, అంగుళాల్లో చెప్తారు. ఆ అంగుళాల మీదే కొట్లాటలు.

స్కూలు ఆటల్లో నేను పడ్డ బాధ ఈ పళ్ళ పద్ధతి చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. అండర్-14 కబడ్డీకి మీసాలొచ్చిన పిల్లలు పుట్టినతేదీ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేవాళ్ళు. క్రికెట్ బోర్డు ఇప్పుడు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడుతోంది. గిత్తకు సర్టిఫికెట్ లేదు, నోరు తెరిస్తే నిజం బయటపడుతుంది.

ఇంకొక మాట. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు బండ్ల పందేలనూ ఆపమంది. 2023 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను సమర్థించింది. నియమాలు పాటిస్తేనే ఆ సమర్థన. ముల్లుగర్ర గుచ్చడం, తోక మెలిపెట్టడం చేసే జతను నేను నిలబడ్డ పందెంలో విజిల్ ఊది పక్కన పెట్టేవాణ్ణి. తిట్లు తినడం డ్రిల్లు మాస్టారికి కొత్త కాదు.

క్రికెట్ బంతి తగిలి చచ్చిపోయిన పిచ్చుకను మ్యూజియంలో పెట్టారంటున్నాడు మా అన్నయ్య. నన్ను ఏడిపించడానికే కదా? — ఇంటర్ విద్యార్థిని, కావలి

ఈసారికి మీ అన్నయ్య నిజమే చెప్పాడమ్మా. 1936 జులై 3న లండన్ లార్డ్స్ మైదానంలో ఎంసీసీ అనే క్రికెట్ క్లబ్బుకీ, కేంబ్రిడ్జి యూనివర్సిటీకీ మ్యాచ్. బౌలర్ జహంగీర్ ఖాన్, మనవాడే. 1932లో ఇండియా ఆడిన మొట్టమొదటి టెస్టులో ఉన్నాడు, అదీ లార్డ్స్‌లోనే. అతను టామ్ పియర్స్‌కు వేసిన బంతి దారిలో పిచ్చుకకు తగిలింది. దాన్ని పారేయకుండా లోపల దూది కూరి, అదే బంతి మీద కూర్చోబెట్టి దాచారు. ఈనాటికీ లార్డ్స్ మ్యూజియంలో ఉంది. దేశ విభజన తర్వాత జహంగీర్ ఖాన్ పాకిస్తాన్‌వాడయ్యాడు, కొడుకు మాజిద్ ఖాన్ ఆ దేశానికి కెప్టెనయ్యాడు. ఇంత చరిత్ర ఉన్నా ఆయన పేరెత్తితే ముందు చెప్పేది పిచ్చుక గురించే. పాపం!

బేస్‌బాల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 2001 మార్చిలో రాండీ జాన్సన్ విసిరిన బంతికి ఒక పావురం అడ్డొచ్చి ఈకలైపోయింది. ఆ బంతిని లెక్కలోకి తీసుకోలేదు. క్రికెట్‌లోనూ మైదానంలోకి వచ్చిన జంతువు వల్ల ఏ జట్టుకైనా నష్టం జరిగితే అంపైరు డెడ్ బాల్ అనొచ్చని 2022లో మార్చిన నియమాల్లో రాశారు. మన ఊరి గ్రౌండ్లలో ఈ నియమం అమలు చేస్తే, మధ్యలో పడుకునే బర్రెల పుణ్యమా అని ఒక్క ఓవరూ పూర్తి కాదు.

ఈమూ పక్షుల మీద ఆస్ట్రేలియా సైన్యం యుద్ధం చేసి ఓడిపోయిందట. మా చిన్నాన్న ఈమూ ఫారం పెట్టి ఓడిపోయాడు. అందుకని అడుగుతున్నా. — ఒక రైతు, పొదిలి

మీ చిన్నాన్నకు తోడు దొరికినట్టే. 1932 నవంబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగిందిది. మొదటి ప్రపంచ యుద్ధం చేసి వచ్చిన సైనికులకు అక్కడ భూములిచ్చారు. గోధుమ వేశారు. దాదాపు ఇరవై వేల ఈమూలు చేలల్లో పడ్డాయి. మాజీ సైనికులు కదా, మెషిన్ గన్లు అడిగారు. మేజర్ మెరిడిత్ నాయకత్వంలో రెండు లూయిస్ గన్లు, పది వేల తూటాలు వచ్చాయి. తుపాకీ పేలగానే ఈమూలు గుంపు విడిపోయి తలో దిక్కూ పరుగెత్తేవి. గురి కుదిరేది కాదు.

చివరికి మేజరు ఇచ్చిన లెక్క: 9,860 తూటాలు, 986 పక్షులు. పక్షికి సరిగ్గా పది తూటాలు, ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు! మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు చూసిన కళ్ళివి, ఇలాంటి నున్నటి లెక్క కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వం సైన్యాన్ని మానుకుని, చంపిన పక్షికింత అని రైతులకే బహుమతి ప్రకటించింది. 1934లో ఆరు నెలల్లోనే 57,034 బహుమతులు చెల్లించారు.

మన దగ్గర ఫారాలు దెబ్బతిన్న కారణం వేరు. పిల్లల జతలు అమ్ముకున్నంత కాలం అమ్మేవాడికి లాభం. ఆ పక్షిని కొని తినే మనిషి, దాని నూనె కొనే మనిషి ఎక్కడున్నారన్నది ఎవరూ అడగలేదు.

పాత రేవు మోటుపల్లికి వెనిస్ యాత్రికుడు మార్కోపోలో వచ్చాడని మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ గద్దలు వజ్రాలు తెచ్చేవని రాశాడట, నిజమేనా? — ఒక పాఠకురాలు, చినగంజాం

మోటుపల్లి సంగతి ఎవరైనా అడగాలేగానీ నేను పేజీ అంతా రాసేస్తాను. సంపాదకుడు కత్తెర వేసే లోపు చెప్పాల్సింది చెప్పేస్తా.

ఆయన రాసిందిది. కొండల మధ్య లోతైన లోయలు, నిండా పాములు, అడుగున వజ్రాలు. మనుషులు దిగలేరు. పైనుంచి మాంసం ముక్కలు విసురుతారు. వజ్రాలు మాంసానికి అతుక్కుంటాయి. తెల్ల గద్దలు ఆ ముక్కల్ని ఎత్తుకుని పైకొస్తే, జనం కేకలేసి తరిమి వజ్రాలు ఏరుకుంటారు. గద్ద మింగేస్తే రెట్టలో వెతుక్కుంటారు. వినడానికి బాగుంది. కానీ మార్కోపోలో పుట్టడానికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ ముందే, నాలుగో శతాబ్దంలో, ఎపిఫేనియస్ అనే క్రైస్తవ గురువు దాదాపు ఇదే కథ వేరే దేశం పేరు పెట్టి రాశాడు. సింద్‌బాద్ కథల్లోనూ ఉంది. వజ్రాల వ్యాపారులు పోటీకి ఇంకొకడు రాకుండా గని చుట్టూ పాముల్ని కథలతోనే పెంచారని నా అనుమానం. వానలకు కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టిలో వజ్రాలు ఏరుకుంటారని కూడా ఆయనే రాశాడు. అది నూటికి నూరుపాళ్ళూ నిజం. తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం పొలాల్లో జనం తలలు వంచుకుని తిరిగేది అందుకే.

రాణి గురించీ రాశాడు, చాలా మెచ్చుకున్నాడు. కాకపోతే చనిపోయిన రాజుకు భార్య అన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. ఓడలో వచ్చిపోయేవాడికి చుట్టరికాలు ఎవరు విడమరిచి చెప్తారు!

నాకు నచ్చిన వాక్యం మాత్రం గద్దల దగ్గర లేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద గొర్రెలు ఈ దేశంలో ఉన్నాయని ఒక ముక్క రాసి ముందుకు సాగిపోయాడు. అందరూ వజ్రాల వెంట పడి ఆ గొర్రెను వదిలేశారు. మన నెల్లూరు గొర్రె ఇప్పటికీ దేశంలో అన్నిటికన్నా పొడవు కాళ్ళ గొర్రె అని పశువుల డాక్టర్లు చెప్తారు. తెల్లటి ఒళ్ళు, మూతి దగ్గరా కళ్ళ చుట్టూ నల్లమచ్చలుంటే జుడిపి, గోధుమ రంగైతే దోర, ఉత్త తెలుపైతే పల్ల. బొచ్చు దాదాపు ఉండదు. ఉన్ని గొర్రెలు చూసిన వెనిస్ మనిషికి ఈ ఎత్తు చూసి కళ్ళు తిరిగి ఉంటాయి. మార్కోపోలో చూసింది వీటి ముత్తాతల్నే అని నేను నమ్ముతాను, రుజువు అడగకండి.

ఇంకొక్కటి. మోటుపల్లి వీరభద్రాలయం దగ్గర గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకు లాగేసుకునేవాళ్ళట. తాను అలా చేయననీ, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ రాయించాడు. ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం. గద్దల కథ పిల్లలకు చెప్పండి, తప్పులేదు, శాసనం కూడా చూపించండి.

మా తాత కొమ్ములవాళ్ళ కాటమరాజు కథ తెల్లవార్లూ వినేవాడట. ఆవుల మేతకు రాజులు యుద్ధం చేశారా? — ఒక పాఠకుడు, కనిగిరి

చేశారు నాయనా. వానల్లేక మేత వెతుక్కుంటూ కాటమరాజు తన మందలతో నెల్లూరు సీమకు దిగాడు. అప్పటి పాలకుడు నల్లసిద్ధి. గడ్డికి పుల్లరిగా, పుట్టే కోడెదూడలు రాజుకిచ్చేట్టు ఒప్పందం. తర్వాత రాజు ఉంపుడుగత్తె పెంచుకునే చిలక ఎగిరొచ్చి ఆవుల్ని బెదరగొట్టిందనీ, గొల్లలు దాన్ని కొట్టి చంపారనీ, అక్కణ్ణుంచి మాట పెరిగిందనీ కథ. పుల్లరి ఆగింది, కత్తులు లేచాయి. రాజు పక్షాన ఖడ్గతిక్కన పోరాడి చనిపోయాడు. మహాభారతం తెలుగు చేసిన తిక్కన గారి వంశంవాడే. చరిత్రకారులు దీన్ని పదమూడో శతాబ్దంలో పెడతారు.

చిలక మీద తప్పు నెట్టడం కథ చెప్పేవాళ్ళ చమత్కారమనే నాకు అనిపిస్తుంది. కరువు ఏడాది బయటి మంద వచ్చి ఊరి గడ్డి మేస్తే, చిలక లేకపోయినా గొడవ జరుగుతుంది. ఇవాళ్టికీ వేసవిలో గొర్రెల మందలు ఊళ్ళు దాటి వెళ్ళినప్పుడు పంచాయితీలు చూస్తూనే ఉన్నాం.

మాస్టారు తాతా, మా పులికాట్‌లో ఫ్లెమింగోలు ఒంటికాలి మీద ఎందుకు నిలబడతాయి? కాలు నొప్పి పుట్టదా? — ఆరో తరగతి, తడ

పుట్టదు బంగారం. అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో దీన్ని తేల్చారు. చచ్చిపోయిన ఫ్లెమింగోను ఒంటికాలి మీద నిలబెడితే పడిపోకుండా నిలిచింది! రెండు కాళ్ళ మీద పెడితే నిలవలేదు. అంటే ఒంటికాలి మీద దాని కీళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి, కండకు శ్రమ ఉండదు. నువ్వు క్లాసులో ఒంటికాలి మీద నిలబడితే నొప్పి పుడుతుంది, నిలబెట్టింది మాస్టారైతే ఇంకా ఎక్కువ.

వాటి గులాబీ రంగు తిండి వల్ల వస్తుంది. నీళ్ళలోని నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగుల్లో ఆ రంగు పదార్థం ఉంటుంది. పిల్లలు బూడిద రంగులో పుడతాయి. తినేటప్పుడు గమనించు, తల తలకిందులుగా పెట్టి ముక్కుతో నీళ్ళు వడగడతాయి. మీ ఇంటివాళ్ళు నేలపట్టు తీసుకెళ్తే అక్కడ గూడబాతులు కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకోవడం చూడొచ్చు. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని ఊరివాళ్ళు వాటిని తరమరు.

నెల్లూరులో రోమన్ బంగారు నాణేలు దొరికాయంటే నిజమా? — ఒక పాఠకుడు, కోవూరు

నిజమే. 1786లో నెల్లూరు దగ్గర దున్నుతున్న రైతు నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే పాత గుడి ఆనవాళ్ళు, కింద చిన్న కుండ. అందులో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాటి బంగారు నాణేలు. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా భాగం కరిగిపోయాక ఆ వార్త ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరాకు తెలిసింది, మిగిలినవి కొన్ని ఆయన చేతికొచ్చాయి. మీ పొలంలో నాగలికి ఇటుక తగిలితే కంసాలి దగ్గరికి కాకుండా తహసీల్దారు దగ్గరికి వెళ్ళండి. పాత నిధుల చట్టం 1878 నుంచీ ఉంది.

ఫుట్‌బాల్ ఫలితాలు చెప్పిన ఆక్టోపస్ లాగా మా చిలక జోస్యం ఆయన చేత ఐపీఎల్ ఫలితం చెప్పించి పందెం కాస్తే ఎలా ఉంటుంది సారూ? — ఒక క్వారీ కార్మికుడు, చీమకుర్తి

జర్మనీ ఆక్టోపస్ పాల్ 2010 ప్రపంచ కప్పులో ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. రెండు దేశాల జెండాలున్న రెండు డబ్బాల్లో తిండి పెడితే ఏది ముందు తెరిస్తే ఆ జట్టు గెలుపు. గుడ్డిగా ఎంచినా అలా జరిగే అవకాశం 256లో ఒకటి. ప్రపంచంలో ఎన్ని జంతువుల చేత జోస్యం చెప్పించారో లెక్కేస్తే ఒకదానికి తగలకపోతేనే వింత. 2008 యూరో కప్పులో ఇదే పాల్ రెండుసార్లు తప్పింది, అది ఎవరూ చెప్పరు.

మీరు అడిగిన చిలక కూడా ఆ ఏడాది రంగంలోకి దిగింది. సింగపూర్‌లో జోస్యం చెప్పే మణి అనే రామచిలుక క్వార్టర్ ఫైనల్స్ నాలుగూ సరిగ్గా తీసింది. ఫైనల్‌కు నెదర్లాండ్స్ కార్డు తీసింది. స్పెయిన్ గెలిచింది.

ఇక పందెం సంగతి. రామచిలుకను పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. క్రికెట్ పందెం ఇంకో నేరం. ఒక్క సాయంత్రానికి రెండు కేసులు దేనికి చెప్పండి, మ్యాచ్ టీవీలో వస్తుంటే?